నిమిషానికి ఇరవై చుక్కలు

వేసవిలో మా ఇంటికొచ్చే చుట్టాల మీద నాకొక ఫిర్యాదుంది. వాళ్ళు రావడం మీద కాదు, వచ్చి తినడం మీద అసలే కాదు, పండించేది తినడానికేగా. గడ్డిలో మాగవేసిన రసాల పక్కన చతికిలబడి ఒక్కో కాయనీ బొటనవేలితో నొక్కి చూస్తారే, దాని మీద. పండిందో లేదో కాయ రంగు చూస్తే తెలుస్తుంది, తొడిమ దగ్గర వాసన చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అయినా నొక్కాలి. నొక్కినచోట అప్పటికేమీ కనపడదు. రెండు రోజులయ్యాక అక్కడ వేలిముద్రంత నల్లమచ్చ తేలుతుంది. అప్పటికి ఆ చుట్టం ఏలూరులోనో గుడివాడలోనో తన ఇంట్లో హాయిగా కునుకు తీస్తుంటాడు.

అయితే ఈ విషయంలో నేను మరీ గొంతు పెంచకూడదు. తన పని తాను చేసుకుపోతున్నదాన్ని ముట్టుకోకుండా ఉండలేని చేతులు నాకూ ఉన్నాయి. పైగా అవి బి.యస్సీ. ప్యాసైన చేతులు. ఇప్పుడు చెప్పబోయేది వాటి సంగతే.

అరవైల మొదట్లో మాట. బందరులో జువాలజీ చదివి, దేశంలో కప్పల నిపుణులకి అంత గిరాకీ లేదని తెలుసుకుని ఇంటికొచ్చేశాను. "ఉద్యోగం వచ్చేదాకా తోట చూసుకో" అన్నారు నాన్నగారు. నూజివీడు నుంచి ముసునూరు పోయే దారిలో ఉండేది మా మామిడితోట. దాన్ని చూసుకోవడానికి నేనక్కర్లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, తోటకి బాగా తెలుసు. అక్కడ ఒక కాపలా మనిషి ఉండేవాడు. నేను పుట్టకముందు నుంచీ ఉన్నాడు. సగం చెట్లు అతని చేత్తో నాటినవే. భార్యతో కలిసి తోటలోనే పాకలో కాపురం. పిల్లలు లేరు. నాకంటే పాతికేళ్ళు పెద్దవాడైనా నేనతన్ని 'నువ్వు' అనేవాణ్ణి, అతను నన్ను 'అబ్బాయిగారూ' అనేవాడు. అప్పట్లో అది ఇద్దరిలో ఎవరికీ వింతగా తోచలేదు.

నన్ను యజమానిలా చూడ్డానికి అతను చాలా శ్రమపడేవాడు.

"అబ్బాయిగారూ, ఈ కొమ్మ కొట్టేద్దామంటారా?"

"కొట్టెయ్."

"కొట్టేత్తే పైయేడు ఈ పక్క కాపుండదండి."

"అయితే ఉంచు."

"అదేనండి, నేనూ అదే అనుకున్నాను."

ఆ ఏడు మాఘమాసం నుంచే అతనికి అరికాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. పిందె కట్టేవేళకి కాళ్ళు ఉబ్బాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కాపు చేతికొచ్చే రోజుల్లో మంచాన పడకూడదని ఎవరికీ చెప్పలేదు, పంచె కిందికి జార్చి కట్టుకున్నాడు. మే నెల వచ్చేసరికి తిన్నది ఇమడకుండా వాంతులు పట్టుకున్నాయి. అప్పుడు భార్య వచ్చి మా అమ్మతో చెప్పింది.

నాన్నగారు నన్ను పిలిచి, "బండి కట్టించి నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళు. కోతలున్నాయి, బండి వెంటనే వెనక్కి పంపెయ్. సీసా ఎక్కించకుండా మాత్రం తీసుకురాకు. మన తోట మనిషిని మనం చూసుకోలేదంటారు" అన్నారు.

సీసా అంటే గ్లూకోజు సీసా. ఆ రోజుల్లో మా వైపు జబ్బు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఆసుపత్రి నుంచి వచ్చినవాణ్ణి ఊరు అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్ని ఎక్కించారు? ఒకటంటే ఓ మోస్తరు జబ్బు. రెండంటే ఇంట్లోవాళ్ళకి అతని మీద ప్రేముందన్నమాట. నాలుగంటే పెద్ద కుటుంబం. సీసా లేకుండా ఉత్త మాత్రల పొట్లంతో తిరిగొచ్చినవాణ్ణి చూసి అందరూ జాలిపడేవారు, పాపం ఎవరూ లేరు కాబోలని. ఎక్కించేటప్పుడు కొందరికి చలి పుట్టి మంచం కిర్రుమనేలా వణుకు వచ్చేది, మందు పనిచేస్తోందనేవారు. సూది నరం తప్పి చెయ్యి బూరెలా పొంగేది, ఒంటికి పట్టిందనేవారు. మా పినతండ్రి ఒకాయనకి సూది గుచ్చినచోట నరం కొబ్బరితాడులా గట్టిపడి ఆరు నెలలు నొప్పి పెట్టింది. ఆయన దాన్ని దాచుకోలేదు. వచ్చిన ప్రతివారికీ చెయ్యి చాపి, "ఏదీ, పట్టుకు చూడు" అనేవాడు. ఆ నీళ్ళ వల్ల మనిషికి చెడు కూడా జరగొచ్చని చెప్పేవాడు ఎవడైనా ఉంటే, వాడు పిసినారి అని తేల్చేసేవాళ్ళం.

ఆసుపత్రిలో డాక్టరుగారు పెద్దాయన. తక్కువ మాట్లాడేవారు. కాపలా మనిషి కాలి మీద వేలు పెట్టి నొక్కారు. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు.

"ఏం తింటాడు?"

"అన్నమేనండి. మా ఇంట్లో బియ్యమే. మరలో రెండు పట్లు పట్టించి పంపిస్తాం, మల్లెపువ్వుల్లా ఉంటాయి" అన్నాను, కొంచెం గొప్పగానే.

"కూరో?"

"పచ్చడండి. మజ్జిగ" అంది భార్య.

"బెరిబెరి" అన్నారాయన. "తవుడంతా ఎవరు తింటున్నారు?"

"గేదెలండి."

"వాటికి రాలేదు చూశారా ఈ జబ్బు?" అని కాగితం మీద ఏదో రాశారు. "ఈ ఇంజెక్షన్లు చేస్తాం. గంజి కొంచెం కొంచెంగా తాగించండి. తవుడు పోని ముడిబియ్యం పెట్టండి. గుండె బలహీనంగా ఉంది, మంచం దిగకూడదు."

నేను కాగితం వంకా ఆయన వంకా చూశాను. పక్కనుంచి భార్య నెమ్మదిగా, "సీసా ఎక్కించరాండీ?" అంది.

"అక్కర్లేదమ్మా."

ఆమె నా మొహం చూసింది. కాపలా మనిషి కూడా చూశాడు. ఆ చూపుల ముందు నా పట్టా రెపరెపలాడింది. డాక్టరుగారితో ఇంగ్లీషులో మాట్లాడడం మొదలుపెట్టాను. రోగికి పది రోజులుగా ఆహారం లేదని, వాంతుల వల్ల ఒంట్లో నీరు తగ్గి ఉంటుందని, నోటి ద్వారా ఇమడనప్పుడు రక్తనాళం ద్వారా పోషణ ఇవ్వడమే శాస్త్రీయమని, ఇంకా చాలా చెప్పాను. ఆ ఇంగ్లీషు బాగానే ఉందని ఇప్పటికీ నా నమ్మకం.

ఆయన అంతా విని తెలుగులో అడిగారు. "ఏం చదివారు?"

"జువాలజీ."

"కప్పని కోసుంటారు."

"కోశానండి."

"మీ ఇంగ్లీషు బావుంది. కానీ ఈయన గుండెకి ఇంగ్లీషు రాదు. నీళ్ళు ఎక్కువైతే తోడలేదు." కాగితం మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. నాలాంటివాళ్ళు రోజుకి ఎంతమంది వచ్చేవారో మరి. "వాంతులు తగ్గలేదు కాబట్టి ఒక్కటి పెట్టిస్తాను. నిమిషానికి ఇరవై చుక్కలు. ఇరవై ఒకటి కాదు. ముందు ఇంజెక్షన్, తర్వాతే సీసా."

నేను గెలిచాను. నా జీవితంలో వాదించి గెలిచిన సందర్భాలు తక్కువ. అందుకే ఇది బాగా గుర్తుంది.

పదకొండు గంటలకి నర్సమ్మ వచ్చి సీసా తగిలించింది. తలకిందులుగా గాజు సీసా, దాని కింద ఎర్ర రబ్బరు గొట్టం, మధ్యలో చుక్కలు కనపడేలా చిన్న గాజు బుడ్డి, ఆ దిగువన గొట్టాన్ని నొక్కి పట్టే ఇనప క్లిప్పు, దానికో మర. చెయ్యి కదలకుండా చెక్కకి గుడ్డ చుట్టి కట్టింది. చేతి గడియారం చూస్తూ ఒక్కో చుక్కా లెక్కపెట్టి, మర అటు కొంచెం ఇటు కొంచెం తిప్పి ఇరవైకి తెచ్చింది. రెండు వార్డులకి ఆమె ఒక్కతే.

"ఎవరూ ముట్టుకోకండి. ఏదైనా అయితే పిలవండి" అని పక్క వార్డులోకి పోయింది.

కాపలా మనిషి మొహంలో కళ వచ్చింది. పక్కమంచం మనిషి మెడ తిప్పి చూస్తుంటే ఇంకా వచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"లోన చల్లగా పోతందండి. బావి గట్టున కూకున్నట్టుంది."

"నీ యోగం" అంది భార్య. "ఈ ఎండలో నాకూ ఓటి పెట్టమను."

"నీకెందుకే? నీ నోరుండగా గాలికి కొదవా?"

ఆమె నవ్వి, గోడకి ఆనుకుని కూర్చుని, మొహాన కొంగు కప్పుకుంది.

పన్నెండున్నర దాటాక బయట గాలి లేచింది. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. అతని కళ్ళు అక్కణ్ణుంచి కదల్లేదు.

"తూరుపు పక్క పెదరసాలు మొత్తం రాలిపోతాయండి ఈ గాలికి."

"రాలవులే."

"రేపు కోతండి. కాపు కొన్న ఆ షావుకారు మనుషులకి లేతదీ ముదురుదీ తేడా తెల్దండి, గెడకి చిక్కం కట్టి బరాబరా లాగేత్తారు. నేను లేకపోతే చెట్టు దోపిడీయే." సీసా వంక చూశాడు. "ఇదెప్పటికవుద్దండీ?"

అప్పుడే నాకు లెక్క చెయ్యాలనిపించింది. సీసాలో ఎన్ని చుక్కలుంటాయో అంచనా వేశాను. ఎనిమిదివేల పైచిలుకు. నిమిషానికి ఇరవై అంటే ఏడు గంటలు. సాయంత్రం ఆరుకి కాని కాదు. డాక్టరుగారు నాలుగింటికి ఒకసారి వార్డు చూసి వెళ్ళిపోతారు. అప్పటికి సీసా అయిపోయి మనిషి తేరుకుని కనపడితే, బతిమాలి అయిదింటి బస్సులో తీసుకుపోవచ్చు. కాకపోతే రేపటి దాకా ఇక్కడే. అరవై చుక్కలు చేస్తే రెండు ముప్పావుకల్లా ఖాళీ. లెక్క రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఒకటే వచ్చింది. తప్పేమీ లేదు.

ఇరవై అన్నది డాక్టర్ల జాగ్రత్త అనుకున్నాను. కల్వర్టు దగ్గర గంటకి పది మైళ్ళు అని బోర్డు పెడతారు. ఆ వేగంతో పోయిన లారీని హనుమాన్ జంక్షన్‌లో ఎవరైనా చూశారా? పైగా అతనికి కావలసింది బలం, సీసాలో ఉన్నదీ బలమే, అది ఇంకాస్త త్వరగా లోపలికి పోతే చెడేదేముంది? కప్ప గుండె గురించి నాకు పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. ఆ పూట అది ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

చుట్టూ చూశాను. నర్సమ్మ లేదు. భార్య కొంగు కింద నిద్రపోతోంది. మర రెండు చుట్లు వదులు చేశాను. చుక్కలు ఒకదాని వెనక ఒకటి తరుముకున్నట్టు పడ్డాయి. గడియారం పెట్టి చూస్తే అరవై రెండు.

కాపలా మనిషి తల ఎత్తి చూసి నవ్వాడు. "ఇప్పుడు బాగా పడతందండి" అన్నాడు.

"నువ్వు పడుకో. అయిదింటి బస్సుకి పోదాం."

నేను బయటికెళ్ళి సోడా తాగాను. అంగడి బల్ల మీద పేపరు కనపడితే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. అందులో ఏముందో ఇప్పుడు ఒక్క ముక్క చెప్పలేను. తిరిగొచ్చేసరికి రెండున్నర.

వార్డు గుమ్మంలో ఉండగానే దగ్గు వినపడింది. పొడిదగ్గు కాదు, లోపల ఏదో మరుగుతున్నట్టు. అతను మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. చెక్కకి కట్టిన చెయ్యి చాపినట్టే ఉంది. రెండో చెయ్యి భార్య భుజాన్ని పట్టుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నోటి పక్కన నురగ, అందులో ఎర్రజీర.

"నర్సమ్మ గోరూ!" అని ఆమె కేకలు పెడుతోంది.

నర్సమ్మ పరిగెత్తుకొచ్చి గొట్టాన్ని చేత్తోనే నొక్కేసి, తర్వాత మర బిగించింది. డాక్టరుగారు అన్నం మధ్యలో లేచొచ్చినట్టున్నారు, చెయ్యి సరిగ్గా తుడుచుకోలేదు. సూది వేశారు. రెండు తొడలకీ ఒక చేతికీ రబ్బరు గొట్టాలు బిగించి కట్టి, కాసేపయ్యాక ఒకటి విప్పి, ఇంకోచోట కట్టి, అలా చాలాసేపు చేశారు. గుండెకి చేరే రక్తం తగ్గించడానికని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎక్కించినదాన్ని ఎలాగైనా వెనక్కి రానివ్వకుండా కాళ్ళలో ఆపుతున్నట్టనిపించింది. నాలుగింటికి ఊపిరి కొంచెం నెమ్మదించింది.

అప్పుడు ఆయన సీసా వంక చూశారు. అడుగున రెండు వేళ్ళ మందం మిగిలింది.

"ఎవరు తిప్పారు?"

నర్సమ్మ మర వంక చూసింది.

"ఇరవైకి పెట్టానండి" అంది నర్సమ్మ. "లెక్కపెట్టి పెట్టాను."

"మరి దానంతటదే తిరిగిందా?"

"ఇరవైకే పెట్టానండి."

"మధ్యలో వచ్చి చూశావా?"

ఆమె తల దించుకుంది. అవతలి వార్డులో ఎవరికో కట్టు కడుతూ ఉండిపోయిందట. డాక్టరుగారు నా వైపు చూశారు. నేను సీసా వైపు చూశాను, దాన్నే అడగమన్నట్టు. నాకు రెండు భాషలు వచ్చు. ఆ క్షణంలో ఒక్కటీ పనికిరాలేదు. కాపలా మనిషి కళ్ళు మూసుకుని ఉన్నాడు. భార్య అతని పాదాల దగ్గర కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటూ పోయి, కొత్త దుప్పటి పట్టుకొచ్చింది.

మర్నాడు పొద్దున అతనికి కాస్త మాట వచ్చింది. నన్ను దగ్గరికి పిలిచాడు. ఏం చెబుతాడోనని భయం వేసింది.

"గాలికి ఎన్ని రాలినయ్యండి?"

"ఒక్కటి కూడా రాలలేదు" అన్నాను. నేను తోట వైపే పోలేదు.

"కోత?"

"నువ్వొచ్చాకే అన్నారు నాన్నగారు."

అతను తృప్తిగా తలూపాడు. పది గంటలకి మళ్ళీ ఆయాసం మొదలైంది. ఈసారి గొట్టాలు కట్టినా ప్రాణం నిలవలేదు. తోటలో అప్పటికి తూర్పు వరస సగం కోసేశారని సాయంత్రం తెలిసింది.

నాన్నగారు బాధపడ్డారు. తిండి మానేసి రెండు రోజులు వసారాలో కూర్చున్నారు. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అడిగింది ఒకటే. "సీసా ఎక్కించారా?" "ఎక్కించారు" అనేవారాయన. "అంతా చేశారండీ, సొంత మనిషిని చూసుకున్నట్టు చూసుకున్నారు. ఇంక వాడి ఆయుష్షు అంతే" అనేవారు వాళ్ళు. మా ఇంటి పరువు ఆ వేసవిలో కొంచెం పెరిగిందనే చెప్పాలి. నేను కూడా అక్కడే కూర్చునేవాణ్ణి. ఎవరైనా నా వైపు తిరిగి, "అబ్బాయి దగ్గరుండి చూసుకున్నాడట" అంటే చూపు దించుకునేవాణ్ణి. వాళ్ళు దాన్ని వినయం అనుకునేవారు.

నర్సమ్మని ఇంకో ఊరి ఆసుపత్రికి బదిలీ చేశారని ఆషాఢంలో విన్నాను. డాక్టరుగారికి ఒక ఉత్తరం రాశాను. ఇంగ్లీషులోనే. మూడు చిత్తుప్రతులు రాశాను. మొదటిదానిలో 'నేను మర తిప్పాను' అని ఉంది. రెండోదానిలో 'మర తిప్పబడి ఉండవచ్చు' అని ఉంది. మూడోది ఆయన ఆరోగ్యాన్ని కూడా అడిగే మర్యాదైన ఉత్తరం. ఏదీ పోస్టు చెయ్యలేదు. నర్సమ్మని ఏ ఊరు పంపారో కనుక్కోవడం కష్టమేమీ కాదు, నూజివీడు బస్సెక్కి వెళ్ళి ఆసుపత్రి జవానుని అడిగితే చెప్పేవాడు. నేను అడగలేదు. ఇంటికి ముడిబియ్యం తెప్పించమని మాత్రం పట్టుపట్టాను. నెల రోజులు తిని అందరూ మళ్ళీ మల్లెపువ్వులకే వచ్చేశారు.

తోట కాపలా భార్యే చూసుకుంది. పాకలోనే ఉంది. ఆమె నన్ను ఎప్పటిలాగే పలకరించేది, అతనిలాగే కొమ్మ కొట్టాలా వద్దా అని అడిగేది. కానీ చివర్లో దిద్దేది కాదు. నేను కొట్టమంటే కొట్టించేసేది.

ఏడాది గడిచింది. నాకు గుంటూరు జిల్లాలో మాస్టరు ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు తోటకి వెళ్ళాను. ఆమె అంటుమొక్కలకి కుండతో నీళ్ళు పోస్తోంది. ఒక్కో మొక్క దగ్గర వంగడం, లేవడం, మళ్ళీ బావి దాకా నడవడం. నేనూ వెనకాలే రెండుసార్లు బావి దాకా నడిచాను.

"ఏంటండీ అబ్బాయిగోరూ, అట్టా తిరుగుతున్నారు?"

"ఒక సంగతి చెప్పాలి."

ఆమె కుండ దించింది.

"ఆ రోజు ఆసుపత్రిలో, నువ్వు నిద్రపోతున్నప్పుడు... ఆ సీసా మర తిప్పింది నేను. త్వరగా అయిపోతుందని. నర్సమ్మ తప్పేం లేదు."

ఏడాది పాటు ఇలా చెబుతానని ఎన్నో రకాలుగా అనుకున్నాను. ఆమె ఏడుస్తుందని, తిడుతుందని, కుండ పగలగొడుతుందని, పోనీలెండి బాబూ అని నన్నే ఓదారుస్తుందని. చివరిదాని మీదే ఎక్కువ ఆశ పెట్టుకున్నానని ఒప్పుకోవాలి.

ఆమె మొక్క మొదట్లో మట్టి కాలితో సర్దింది.

"నిద్దరెక్కడిదండి, ఆ ఎండకి. కొంగులోంచి చూత్తానే ఉన్నాను."

"చూశావా? మరి డాక్టరుగారు అడిగినప్పుడు చెప్పలేదేం?"

ఆమె కుండ మళ్ళీ చంకనెత్తుకుంది.

"చెప్తే మీ తోటలో ఉండనిచ్చేవోరాండీ?"